మసక ప్లాక్‌లలో మిగిలిన ఈ. కోలి: లైసోజెనా, మ్యూటెంటా?

హైదరాబాద్‌లో అంబర్‌పేట వద్ద సేకరించిన మూసీ నీటిని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఈ. కోలి బ్యాక్టీరియాలో ఎంజీ1655 అనే ల్యాబ్ రకం మీద రెండు పొరల అగార్ పద్ధతిలో ఫేజ్‌ల (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల) కోసం వెతుకుతున్నాను (ఆ నీటిలో వాటికి కొదవేమీ లేదు). 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచిన ప్లేట్లలో, అంచు తేటగా, నడుమ పాలచుక్క పడినట్లు మసకగా ఉండే ప్లాక్‌లు (ఫేజ్ బ్యాక్టీరియాను చంపిన చోట పడే మచ్చలు) వస్తున్నాయి. ఆ నడిమి భాగాన్ని పదేపదే స్ట్రీక్ చేసి వేరుచేసిన కాలనీలపై అదే ఫేజ్ పనిచేయడం లేదు. కణంలో దాగిన ఫేజ్‌ను బయటకు రప్పించే మందు మైటోమైసిన్ సిని మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాముల చొప్పున కలిపినా కల్చర్ ఓడీ (కణాల సాంద్రతను చూపే మసకదనపు కొలత) తగ్గలేదు. అయితే పీ2 వంటి ఫేజ్‌లు ఆ మందుకు స్పందించవు కనుక, ఇంతమాత్రాన ఈ కాలనీలు లైసోజెన్‌లు (ఫేజ్‌ను లోపల దాచుకున్న కణాలు) కావని చెప్పలేను. ఆ కల్చర్ సూపర్‌నేటెంట్‌ను (కణాలు తీసేశాక మిగిలిన పై ద్రవాన్ని) మూల ఆతిథేయి అయిన ఎంజీ1655 మీద వేస్తే పలుచని మచ్చ ఏర్పడింది గానీ, అది కణాలకు అంటి మిగిలిన ఫేజ్ వల్ల కూడా కావచ్చు. జీనోమ్ సీక్వెన్సింగ్‌కు ప్రస్తుతం వీలు లేదు. ఇవి లైసోజెన్‌లో, గ్రాహకం (ఫేజ్ అతుక్కునే చోటు) మారిన మ్యూటెంట్‌లో మామూలు ల్యాబ్‌లోనే నిర్ధారించగల పరీక్ష ఏది?