ముంజేయిలో రెండు ఎముకలూ విరిగితే పుత్తూరు కట్టా, రాడ్డా, ప్లేటా?

ఉప్పల్ కుర్రాడు: మా చిన్నాన్నకి 43 ఏళ్లు, మొన్న నాగోల్ దగ్గర బండి స్కిడ్ అయి కుడి ముంజేయి రెండు ఎముకలూ నడిమికి విరిగాయి. డాక్టర్ ఎముక మీద స్క్రూలతో బిగించే ప్లేట్లు వెయ్యాలన్నారు, ఇంకొకాయన చిన్న గాటుతో ఎముక లోపలికి దింపే రాడ్లు చాలన్నారు, ఇంట్లో పెద్దోళ్లేమో పుత్తూరు కట్టు అంటున్నారు, నిన్ననే ఎవరితోనో కట్టు కూడా కట్టించారు. ఆయన టైలర్. ఏం చెయ్యాలి?

మల్కాజిగిరి అన్న: మా పోరనికి తొమ్మిదేండ్లప్పుడు గిట్లనే ఇరిగింది, కట్టుతోనే నెలన్నరల అతికింది, ఇప్పుడు బౌలింగ్ గూడ చేస్తడు. ఉత్తగ ఆపరేషన్ చేపిచ్చుకునుడెందుకు?

ఫిజియో అక్క: తమ్ముడూ, మీ బాబుది నిజమే, కానీ పిల్లల ఎముక కొంచెం వంకరగా అతికినా పెరుగుతూ సరిచేసుకుంటుంది, 43 ఏళ్లకి అలా జరగదు. అరచెయ్యి తిప్పినప్పుడల్లా బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక చిటికెనవేలి వైపుండే ఉల్నా చుట్టూ తిరుగుతుంది, రేడియస్‌కి విల్లులా ఒక వంపు ఉంటుంది, ఆ వంపు పోయిందంటే ఎక్స్‌రేలో అతికినట్టే కనిపిస్తుంది గానీ చెయ్యి తిరగదు. చిల్లర తీసుకోడానికి అరచెయ్యి చాపలేక ఏడ్చినవాళ్లని చూశాను నేను. అందుకే పెద్దవాళ్లలో ప్లేటే, సరిగ్గా వేస్తే నూటికి 95 మందికి పైనే అతుకుతుంది.

తార్నాక: రాడ్ అయితే మచ్చ చిన్నది కదా అక్కా?

ఫిజియో అక్క: మచ్చ చిన్నదే. చర్మం బాగా దెబ్బతిన్నా, ఒకే ఎముక రెండుచోట్ల విరిగినా రాడ్ పనికొస్తుంది. కానీ ఎముక మెలి తిరగకుండా ప్లేటంత గట్టిగా పట్టుకోదు, పైన పట్టీ వెయ్యాల్సొస్తుంది, కదలిక ఆలస్యం. ప్లేటైతే కొన్ని రోజులకే మోచెయ్యి, మణికట్టు ఆడించొచ్చు, బరువులు మాత్రం మూడు నెలలదాకా వద్దు. రెండు ఎముకలకీ రెండు వేరే కోతలు పెడతారా అని అడగండి, ఒకే కోతలోంచి చేస్తే మధ్యలో ఎముక పెరిగి రెండూ అతుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. తర్వాత ప్లేట్ తీయించాలని తొందరపడొద్దు, ఏడాదిన్నర లోపు తీస్తే స్క్రూ రంధ్రాల దగ్గర మళ్లీ విరగొచ్చు.

ఉప్పల్ కుర్రాడు: అక్కా, కట్టు బాగా బిగుతుగా ఉంది, వేళ్లు తిమ్మిరెక్కాయంట, చాపితే ప్రాణం పోతోందంటున్నారు.

ఫిజియో అక్క: ముందు ఆ కట్టు కత్తిరించెయ్యండి. రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, లోపల ఒత్తిడి పెరిగితే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. వెళ్లాక ఇక్కడ చెప్పు తమ్ముడూ.