ప్యారిస్ పిల్లలు ఫ్రాంక్‌ఫర్ట్ ఎలా రావాలి? విమానమా, రైలా?

రవాణా చూస్తున్న వాలంటీర్:
అందరికీ నమస్కారం. మార్చి 28 శనివారం మన ఉగాది, శ్రీరామనవమి సంబరాలకు ప్యారిస్ నుంచి ఎనిమిది మంది కూచిపూడి పిల్లలు, తోడుగా ముగ్గురు పెద్దవాళ్లు వస్తున్నారు. టికెట్లు ఈ వారమే తీయాలి. "విమానంలో గంటంబావు, రైల్లో నాలుగు గంటలు, ఇంకా ఆలోచనెందుకు?" అని నిన్న కాల్‌లో కొందరన్నారు. అందుకే కూర్చుని లెక్కేశాను.

ఆకాశమార్గాన దూరం సుమారు 450 కి.మీ. పైకెక్కాక విమానం గంటకు 800 కి.మీ. వేగంతో పోతుంది కాబట్టి దూరం ఒక్కటే చూస్తే అరగంట చిల్లర. ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం కలిపి గంటంబావు అవుతుంది. అసలు సమయమంతా నేలమీదే పోతుంది. షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టు ప్యారిస్ ఊరికి 25 కి.మీ. దూరం. పిల్లలతో రెండు గంటల ముందే చేరాలి. ఇక్కడ దిగాక బోలెడు నడక, సామాను కోసం ఎదురుచూపు, ఆపైన ఊళ్లోకి ఎస్-బాన్ లోకల్ రైలు. గుమ్మం నుంచి గుమ్మానికి ఐదు గంటలకు తగ్గదు.

రైలైతే ప్యారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్‌లో ఎక్కి మన హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే ఫ్రాంక్‌ఫర్ట్ ప్రధాన స్టేషన్‌లో, దిగడమే. నాలుగు గంటల లోపు. ఫ్రాన్స్ వైపు 320 కి.మీ. వేగం అందుకుంటుంది. నా ఓటు రైలుకే.

సాంస్కృతిక విభాగం:
నాదీ అదే మాటండీ. ఒకసారి వేరే ఊరి పిల్లలు విమానంలో వచ్చారు. అది ఆలస్యమై, తిండి కూడా తినకుండా కారులోనే జడలు వేసుకుని స్టేజీ ఎక్కారు. ఆ చంటిదాని మొహం నాకింకా కళ్లముందే ఉంది. మళ్లీ అలా జరగనివ్వొద్దు. పైగా మృదంగాన్ని లగేజీ బెల్టు మీద వదలడానికి నాకు మనసొప్పదు.

వంట బృందం:
ప్యారిస్ అక్క వేపపువ్వు, ఆవకాయ, పచ్చడికి బెల్లం పాకం తెస్తానన్నారు. విమానమైతే చేతిసంచిలో 100 మి.లీ. దాటిన ద్రవాలు సెక్యూరిటీలో తీసేయొచ్చు. ఆవకాయ కూడా వాళ్ల లెక్కలో ద్రవమే! రైల్లో ఆ బాధ లేదు. జాడీ మూతకు గుడ్డ గట్టిగా కట్టమని చెప్పండి చాలు.

హాలు ఏర్పాట్లు:
వ్యాన్ అద్దెకు తీసుకుంటే?

రవాణా చూస్తున్న వాలంటీర్:
రోడ్డు మీద 570 కి.మీ. పైమాటే అన్నా. ఆగకుండా వచ్చినా ఆరు గంటలు, ఫ్రాన్స్‌లో టోల్ అదనం. రాత్రి కార్యక్రమం అయ్యాక అలిసినవాళ్ల చేతికి స్టీరింగ్ ఇవ్వలేను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ శనివారం తెల్లవారితే గడియారాలు మారతాయి. ఆదివారం, 29న, రాత్రి 2 కాగానే 3 అవుతుంది. అంటే పిల్లలకు ఒక గంట నిద్ర తగ్గుతుంది. తిరుగు రైలు పొద్దున్నే వద్దు, మధ్యాహ్నం భోంచేశాక బయలుదేరేది చూస్తున్నాను.

సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి కాగితాలు అడగొచ్చు. పెద్దవాళ్లు పాస్‌పోర్టుతో పాటు రెసిడెన్స్ కార్డు, ఫ్రెంచ్ పౌరసత్వం లేని పిల్లలైతే పాస్‌పోర్టుతో పాటు డీసీఈఎం (విదేశీ పిల్లలకు ఫ్రాన్స్ ఇచ్చే ప్రయాణ పత్రం) తప్పక తెచ్చుకోవాలి. గడువు తేదీలు ఇప్పుడే చూసుకోమని తల్లిదండ్రులకు ఈ రాత్రే ఫోన్ చేస్తాను. పదకొండు సీట్లూ ఒకే బోగీలో దొరకాలంటే గురువారం లోపు మీ అందరి సరే కావాలి.

సాంస్కృతిక విభాగం:
సరేనండీ. స్టేషన్‌కి నేనూ వస్తాను, పులిహోర పొట్లాలతో.