దిగుడులో ఫోర్-లో గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లో పడుతోంది

నాది 1998 మోడల్ డీజిల్ జీపు, లివర్‌తో వేసే మాన్యువల్ ఫోర్ వీల్ డ్రైవ్. అందులో ఫోర్-హై (4H) మామూలు వేగానికి, ఫోర్-లో (4L) తక్కువ వేగంలో ఎక్కువ బలానికి.

మూడు నెలలుగా ఒకటే సమస్య. మారేడుమిల్లి వైపు మట్టిదారుల్లో నిటారు దిగుడులో ఫోర్-లో, సెకండ్ గేరులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు పెట్టె) లివర్ టక్కున న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. ఇంజిన్ పట్టు పోతుంది, ఇక బ్రేకులే దిక్కు. మొన్న నిజంగా గుండె జారింది. ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా ఊడలేదు. ఫోర్-హైలో దిగినా ఊడదు. ఇంజిన్ చల్లగా ఉన్నా, వేడెక్కినా తేడా లేదు. లివర్ పట్టుకుని ఉంటే చేతిని వెనక్కి తోస్తున్నట్టు తెలుస్తుంది.

గేరాయిల్ మార్చాను (80డబ్ల్యూ-90). పాత ఆయిల్‌లో సన్నని మెరుపు పొడి తప్ప ముక్కలేమీ లేవు. లివర్ లింకేజీ సరిచేయించాను, గేరును జారకుండా పట్టి ఉంచే డిటెంట్ బాల్, స్ప్రింగ్ కొత్తవి వేయించాను, మౌంటింగ్ రబ్బర్లు కూడా మార్చాం. రెండు ట్రిప్పులు బాగుంది, మళ్లీ మొదలు. నాలుగు టైర్లూ ఒకే సైజు, గాలి 30 పీఎస్‌ఐ. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయను.

మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేస్ మొత్తం దించాల్సిందే అంటున్నాడు. దించకముందే, అరిగింది షిఫ్ట్ ఫోర్కా (లోపల గేరును జరిపే ముక్క), లో గేరు పళ్లా అని తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా?