వేగస్ బేస్‌బాల్ స్టేడియానికి జనం డబ్బు ఎంత?

కూకట్‌పల్లి కుర్రాడు: అథ్లెటిక్స్ బేస్‌బాల్ టీమ్ కోసం వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల దాకా ఇస్తోందట. నగదేనా? అప్పు తీర్చేది ఎవరండీ?

లెక్కలోడు: మొత్తం నగదు కాదు. 2023 చట్టం ప్రకారం 18 కోట్ల దాకా పన్ను క్రెడిట్లు. టీమ్ వాటిని క్యాసినోలకు అమ్ముకోవచ్చు, కొన్నవాళ్లు గేమింగ్ పన్నులో మినహాయించుకుంటారు. చెక్కు రాయకపోయినా ఖజానాకు రాబడి తగ్గినట్టే. కౌంటీ (మన జిల్లా లాంటిది) అప్పు తెచ్చే బాండ్లు ఇంకో 12 కోట్లు. వాటిని స్టేడియం పరిధిలో వచ్చే పన్నులతో తీర్చాలి.

ఉప్పల్ గ్యాలరీ: అసలు మెలిక అక్కడే. ఉప్పల్‌లో మ్యాచ్‌కెళ్లినవాడు ఆ సాయంత్రం మల్టీప్లెక్స్‌కి వెళ్లడు కదా! ఆ పన్ను కొత్తది కాదు, ఈ జేబులోంచి ఆ జేబులోకి. పైగా వడ్డీ వాయిదా బాండ్లు చూసి సంతకం పెట్టాలి. మయామీ స్టేడియం (2012) కోసం తెచ్చిన అప్పుల్లో 9.1 కోట్ల డాలర్ల బాండ్లకే చివరికి కట్టాల్సింది దాదాపు 118 కోట్లు. ఏళ్ల తరబడి వడ్డీ కట్టకపోతే అది అసలులో కలిసి దానిమీదా వడ్డీ పడుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు: మన చక్రవడ్డీయే! ఓటుకు పెట్టలేదా?

లెక్కలోడు: టీచర్ల సంఘం ప్రయత్నించింది. ఓటు కోరుతూ వేసిన పిటిషన్‌లో చట్టం పూర్తి పాఠం లేదని 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది.