లైను పక్క వీధికి నోటీసు: కోర్టుకా, జాయింటు సర్వేకా?

పాతపట్నం పిల్లడు: రైలు పట్టాల పక్కన మా వీధికి ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది. రైల్వే ప్లానులో హద్దు మా వాకిట్లోకొచ్చింది. మాకు పట్టా ఉంది, ఎఫ్‌ఎంబీలో (సర్వే శాఖ కొలతల పుస్తకంలో) హద్దు వేరేగా ఉంది. ఏం చెయ్యాలి?

రిటైర్డ్ సర్వేయర్: నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారి చిన్నబండి 1900లో మొదలైంది. జమీందారీలు రద్దయింది 1948 చట్టంతో, రైత్వారీ సెటిల్‌మెంటు (భూమి కొలిచి రైతుల పేరనే పట్టాలివ్వడం) ఆ తర్వాతే. అంటే లైను ముందు, మీ పటం తర్వాత. రెండు పటాలూ పట్టుకుని ఇరుపక్షాల ముందు కొలిస్తే తప్ప తేలదు. జాయింటు సర్వేకి అర్జీ పెట్టండి. నోటీసుకి జవాబూ గడువులోనే ఇవ్వాలి. ఎస్టేటు ఆఫీసరు (ఆక్రమణ కేసులు వినే అధికారి) ఖాళీ చెయ్యమని ఆర్డరిస్తే జిల్లా జడ్జి దగ్గర అప్పీలుకి 12 రోజులే.

చట్టం చదివినోడు: సర్వే ఎందుకండీ? 30 ఏళ్లు ఉంటే సర్కారు భూమైనా మనదే.

సర్వేయర్: ఆ వాదన ఎత్తితే స్థలం రైల్వేదని మీరే ఒప్పుకున్నట్టు. పట్టా మాదేనంటూ అదీ అంటే ఎలా?

చట్టం చదివినోడు: 30 ఏళ్లు లిమిటేషన్ చట్టంలో (దావాల గడువులు చెప్పేది) ఉందా లేదా? అది చెప్పండి.

ఆమదాలవలస: పన్ను రసీదులు జాగర్త బావూ.

గరివిడి రైతు: మా నాన్న పొలం ఓ ప్రాజెక్టుకి పోయింది, పరిహారం ఆయన పోయాక వచ్చింది. 2013 చట్టం ప్రకారం సొలేషియం (పరిహారం మీద అదనంగా ఇచ్చేది) నూటికి నూరు అడగండి.

సర్వేయర్: అది భూసేకరణకి. ఇక్కడ ఆక్రమణ అంటన్నారు, పైసా రాదు. నోటీసు చదివి రాయండయ్యా.

చివరి వరస లక్ష్మి: పట్టా, పట్టా! పట్టాలేని మా వరస మాటేటి? కొలతలకొచ్చినప్పుడు "ఆ గుడిసెలే ఆక్రమణ, అక్కడితో ఆపండి" అన్నది మీ వీధోళ్లు కాదేటి?

పిల్లడు: కాగితం ఉన్నోళ్లనీ లేనోళ్లనీ కలిపితే మా కేసు పాడవుద్దని ప్లీడరు చెప్పాడక్కా. మీ మీద కోపమేటీ లేదు.

లక్ష్మి: ఓట్లకి, గుడి చందాకి ఒక్క వీధి. నోటీసొస్తే రెండు. మీ వంటిల్లు హద్దురాయి దాటే ఉంది, అది మాత్రం చెప్పవు.

పిల్లడు: ఆ రాయి ఎవరు పాతారో ఎవరికీ తెలీదు!

చట్టం చదివినోడు: లక్ష్మి గారికే 30 ఏళ్ల వాదన పనికొస్తది. నేను మొదట్నించీ అదే...

సర్వేయర్: ఆవిడదీ సొంత కేసే, జవాబు విడిగా ఇవ్వాలి. సర్వే అర్జీ మాత్రం కలిపి పెట్టొచ్చు. కొలత అందరికీ ఒకటే.

లక్ష్మి: విన్నావు కదా? అర్జీలో మా వరస సంతకాలు తీసుకుంటావా, లేదా?

పిల్లడు: నాన్ననడిగి చెప్తాను.

లక్ష్మి: గుడిసెల దగ్గర ఆపమన్నది ఆయనే కదరా.