క్రియాటినిన్ 0.8 ఉన్నా కిడ్నీ బయాప్సీ అవసరమా?

జీడితోట, సోంపేట:
మా చెల్లికి 24 ఏళ్లు. ఏడాదిగా కీళ్లనొప్పులు, చెంపల మీద ఎర్రటి మచ్చలు. లూపస్ అన్నారు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బట. ఇప్పుడు 24 గంటల యూరిన్‌లో ప్రోటీన్ 1.1 గ్రాములు పోతోంది, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) మాత్రం 0.8, మామూలుగానే ఉంది. విశాఖలో డాక్టరు బయాప్సీ, అంటే సూదితో కిడ్నీ ముక్క తీసి పరీక్ష, చేయాలంటున్నారు. మా నాయనమ్మ "బాగున్న కిడ్నీకి సూదేటి?" అని పట్టుబట్టింది. ఉద్దానం వాళ్లం కదా, కిడ్నీ మాటెత్తితే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. రిపోర్టులు చూసి మందులివ్వలేరా?

టెక్కలి బాబాయ్:
నాదీ నాయనమ్మ మాటే. బయాప్సీలో లూపస్ కిడ్నీ జబ్బుని 1 నుంచి 6 క్లాసులుగా చెబుతారు కదా, క్లాస్ 3 వచ్చినా 4 వచ్చినా ఇచ్చేది స్టెరాయిడు, మైకోఫెనోలేటే (రోగనిరోధక శక్తిని అణిచే మందు). దానికి సూదెందుకు?

మైక్రోస్కోప్, విజయనగరం:
3, 4 వరకు ఒప్పుకుంటాను బాబాయ్. కానీ 2 వస్తే కిడ్నీ కోసం అంత బరువైన మందులు చాలాసార్లు అక్కర్లేదు. 6 అంటే గ్లోమెరులస్‌లలో (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న జల్లెడలు) 90 శాతం, ఆపైన మచ్చకట్టేశాయని. అప్పుడు ఆ మందులతో కిడ్నీ తిరిగిరాదు. 5లో ప్రోటీన్ బాగా పోతున్నా క్రియాటినిన్ నిక్షేపంలా ఉండొచ్చు. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల (లూపస్‌లో కొందరికి ఉండే, రక్తం గడ్డకట్టించేవి) వల్ల సన్న రక్తనాళాల్లో గడ్డలుంటే దారే వేరు, రక్తం పల్చబడే మందు గురించి ఆలోచించాలి. పోయే ప్రోటీన్ వాపు వల్లా, పాత మచ్చ వల్లా అన్నది యూరిన్ చెప్పదు. అందుకే రిపోర్టులో వాపుకి 24కి, మచ్చకి 12కి విడిగా మార్కులేస్తారు. రోజుకి ప్రోటీన్ 0.5 గ్రాములు దాటితే చాలు, బయాప్సీ ఆలోచించమంటాయి ఇప్పటి గైడ్‌లైన్లు. మీ చెల్లిది దానికి రెట్టింపు పైనే.

ఇంకోటి. ఉద్దానం జబ్బులో ప్రోటీన్ పెద్దగా పోదు, క్రియాటినిన్ పెరిగాకే చాలామందికి తెలుస్తుంది. లూపస్‌లో తరచూ ప్రోటీనే ముందు కనబడుతుంది. మనవాళ్లకి క్రియాటినిన్ ఒక్కటే చూసే అలవాటు పడిపోయింది, చిక్కంతా అక్కడే.

బొబ్బిలి వీణ:
మా ఆవిడకి బయాప్సీ లేకుండానే రెండేళ్లు స్టెరాయిడు వాడించారు. ఎక్కడో చెప్పను. క్రియాటినిన్ 0.9 దాటలేదు, మేం నిశ్చింతగా ఉన్నాం. తర్వాత బయాప్సీలో క్లాస్ 4, అప్పటికే కొంత మచ్చ.

టెక్కలి బాబాయ్:
అయ్యో. కానీ ముందే చేయిస్తే మచ్చ పడేది కాదని ఎలా చెప్పగలవు? సూది తెచ్చేది చిన్న ముక్క. ఆ ముక్కలో పడనిచోట ఏముందో ఎవరు చూశారు?

మైక్రోస్కోప్, విజయనగరం:
మంచి ప్రశ్న. కనీసం 10 గ్లోమెరులస్‌లైనా ఉండాలంటాం. సగానికి తక్కువ దెబ్బతింటే 3, సగం, ఆపైన అయితే 4. ముక్కలో ఆరే ఉంటే ఆ లెక్క నమ్మలేం. మందులతో ప్రోటీన్ తగ్గిపోయాక మళ్లీ బయాప్సీ చేస్తే లోపల వాపు ఇంకా కనబడినవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు మందు ఆపాలా వద్దా అన్నది పెద్ద డాక్టర్ల మధ్యే తెగలేదు. మొదటి బయాప్సీ దగ్గర మాత్రం నాకు సందేహం లేదు.

జీడితోట, సోంపేట:
"గుచ్చేది నన్ను కదా, నేను చేయించుకుంటా" అని చెల్లే తేల్చేసింది. బీపీ, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష చూశాకే చేస్తారట. తర్వాత ఒకట్రెండు రోజులు యూరిన్ కాస్త ఎర్రగా రావచ్చన్నారు. ఆ ముక్క విన్నప్పటి నుంచి నాయనమ్మ తనూ వస్తానని సంచి సర్దుకుంటోంది.