హ్యూమన్ జెనెటిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

పార్వతీపురం అమ్మాయి:
బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మా పిన్ని కొడుక్కి సికిల్ సెల్ రక్తహీనత. వాడికి నొప్పులు మొదలైతే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, వీడికి ఎక్కడి నుంచి వచ్చింది?" అని పిన్ని ఎంత అడిగినా ఆసుపత్రిలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చివరికి నేనే పాఠ్యపుస్తకం తీసి బొమ్మ గీసి చూపించాను. అప్పటి నుంచి ఈ చదువు మీదే మనసుంది. నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఎమ్మెస్సీ చాలా, పీహెచ్‌డీ తప్పదా?

రిటైర్డ్ మాస్టారు:
నాన్నగారి మాట తోసిపుచ్చకమ్మా. మా అబ్బాయి స్నేహితుడు జెనెటిక్స్ చదివి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. ఇప్పుడు మందుల కంపెనీలో కాగితాలు సరిచూస్తున్నాడు.

హైదరాబాద్ ల్యాబ్ అక్క:
మాస్టారు అన్నది అబద్ధం కాదు. నాతో చదివిన పద్దెనిమిది మందిలో ఈ పనిలో మిగిలింది ఐదుగురం. మిగతావాళ్లు తెలివి తక్కువవాళ్లేమీ కాదు. రెండేళ్లూ నోట్సు రాసుకున్నారు తప్ప రక్తం నమూనా ముట్టుకున్నది తక్కువ.

నాది క్రోమోజోములు చూసే ఉద్యోగం. తెల్ల రక్తకణాలను 72 గంటలు పెంచుతాం. శుక్రవారం పెట్టిన కల్చర్ సోమవారం తీస్తాం. కొల్చిసిన్ అనే మందుతో కణ విభజనను మధ్యలో ఆపి, కణాలను పలుచని పొటాషియం క్లోరైడ్‌లో ఉబ్బించి, స్లైడు మీద చుక్క వేస్తాం. గాలిలో తేమ మారితే చాలు, క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఆ చుక్క నా చేతికి కుదరడానికి ఆరు నెలలు పట్టింది. అదనంగా ఒక 21వ క్రోమోజోము కనబడితే డౌన్ సిండ్రోమ్. గర్భస్థ శిశువు నమూనాలో ఎక్స్, వై కళ్లెదుటే ఉంటాయి, 1994 నాటి చట్టం ప్రకారం నోరు విప్పకూడదు. "గౌను కొనాలా, చొక్కా కొనాలా, అది చెప్పండి చాలు" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి!

మీ తమ్ముడి జబ్బు మాత్రం నా మైక్రోస్కోపులో కనబడదు. హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన బీటా గ్లోబిన్ జన్యువులో మారేది డీఎన్‌ఏలోని ఒక్క అక్షరమే. ఇప్పుడు జన్యువుల వరుస చదివే పనే పెరుగుతోంది కాబట్టి కంప్యూటర్‌తో విశ్లేషణ తప్పక నేర్చుకోండి.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి హ్యూమన్ జెనెటిక్స్ విభాగమే ఉంది, పీజీసెట్ రాయాలి. ఉస్మానియాలో జెనెటిక్స్ ఉంది. ఎక్కడ చేరినా ప్రాజెక్టు మాత్రం రోగులు వచ్చే చోట చేయండి. ల్యాబ్‌కు ఎమ్మెస్సీ చాలు. పరిశోధన కావాలంటే నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకోండి, నెలకు 37,000 రూపాయలు ఇస్తారు.

మీ ఉత్తరం చూస్తే మీకు జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు కూర్చోబెట్టి చెప్పే పని, నప్పుతుందనిపిస్తోంది. దానికి విడిగా శిక్షణ ఉంటుంది. మన దగ్గర అది తేలిక కాదు. "మీది దగ్గరి సంబంధమా?" అంటే "అబ్బే కాదండీ, మా అత్త కొడుకే" అంటారు. తల్లిదండ్రులిద్దరూ జబ్బు లేకుండానే ఆ మారిన జన్యువును మోస్తుంటే పిల్లల్లో నలుగురిలో ఒకరికి రావచ్చంటే "ఒకడికి వచ్చేసింది కదా, ఇక ముగ్గురికి భయం లేదు" అనుకుంటారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే.

పార్వతీపురం అమ్మాయి:
అక్కా, నేనూ పిన్నికి నలుగురిలో ఒకరికి అనే చెప్పాను. తను కూడా అలాగే అనుకుని ఉంటుంది. ఇప్పుడు తనకు మూడో నెల.

హైదరాబాద్ ల్యాబ్ అక్క:
అయితే చదువు సంగతి తర్వాత. ఈ రోజే ఫోను చేయండి. 11 నుంచి 14 వారాల మధ్య గర్భంలోని మాయ (ప్లాసెంటా) నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. చేయించుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, కానీ ఆ వీలుందని తెలియాలి కదా. భార్యాభర్తలిద్దరి రక్త పరీక్షలూ, బాబువీ వెంట తీసుకెళ్లి జెనెటిక్స్ డాక్టరును కలవమనండి. వారాలు ఎన్నో స్కానింగ్ కాగితంలో చూసి ఇక్కడ రాయండి.